డెల్టా ఊళ్ళో ఇంటింటి సర్వే: ఇళ్ళ జాబితా నుంచి కౌలు ప్రశ్న దాకా

ఎం.ఏ. ప్రాజెక్టు కోసం గోదావరి డెల్టాలో ఒక ఊరు పట్టుకుని సర్వే చేయబోయేవాళ్ళు మామూలుగా ప్రశ్నాపత్రం రాయడంతో మొదలుపెడతారు. అది రెండో పని. మొదటిది ఇళ్ళ జాబితా.

ఓటర్ల జాబితా ఉంది కదా అని దాన్నే నమ్ముకోవద్దు. మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉన్నవాళ్ళ పేర్లు అందులో ఉండొచ్చు. చేపల చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో కాపలా ఉంటున్న కుటుంబం ఉండకపోవచ్చు. ఊరంతా కాలినడకన తిరిగి, పేటలు, లంక ఇళ్ళు, చెరువు గట్లు వదలకుండా వరస నంబర్లు వేసుకోండి. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఒక కుటుంబం. ఒకే గడపలో అన్నదమ్ములు వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండు నంబర్లు.

600 కుటుంబాలు తేలాయనుకోండి. 120 ఎంచుకోవాలంటే అయిదింటికి ఒకటి. 1 నుంచి 5 దాకా చీటీలు వేసి ఒకటి తీయండి. 3 వస్తే 3, 8, 13, ఇలా చివరి దాకా. ఈ లెక్కన మీరు చెప్పే శాతాలు, 95 శాతం నమ్మకంతో (ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే సుమారు 95 సార్లు), అటూ ఇటూ 8 పాయింట్ల దాకా తప్పొచ్చు. దాన్ని 5కి దించాలంటే 235 ఇళ్ళు తిరగాలి. 120లో కౌలుదారులు 30 మందే తగిలితే వాళ్ళ మీద విడిగా శాతాలు కట్టకపోవడమే మేలు.

తాళం వేసి ఉంటే పక్కింటి తలుపు తట్టకండి. పగలు ఇంట్లో దొరికేది ముసలివాళ్ళూ, పొలం పనికి వెళ్ళాల్సిన అవసరం లేనివాళ్ళూ. కూలి కుటుంబాలు జారిపోయేది ఇక్కడే. మూడుసార్లు వెళ్ళండి, అందులో ఒకసారి సాయంత్రం ఆరు దాటాక. అప్పటికీ దొరక్కపోతే దొరకలేదనే రాసుకోండి. సంక్రాంతి వారంలో అసలు వద్దు, ప్రతి ఇంట్లోనూ హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళుంటారు. జులై నుంచి సెప్టెంబరు దాకా లంకలకు వరద భయం. దాళ్వా (రబీ వరి) నాట్లు అయిపోయి కోతలింకా రాని ఫిబ్రవరి, మార్చి నెలలు నయం.

ఇక ప్రశ్నలు. మూల పత్రం ఇంగ్లీషులో ఉంటే ఒకరు తెలుగు చేయాలి, మూలం చూడని ఇంకొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చేయాలి. ఇలా చేసి రెండు ఇంగ్లీషులూ పోల్చి చూసినా కొన్ని తప్పులు తప్పించుకుంటాయి. ‘హౌస్‌హోల్డ్ హెడ్’ని ‘ఇంటి యజమాని’ అని రాస్తే అద్దె కొంపలో ఉన్నావిడ ఇల్లు అద్దెకిచ్చినాయన పేరు చెబుతుంది. ‘ఇంటి పెద్ద’ అంటే మంచంలో ఉన్న తాతగారి పేరు రావొచ్చు. ‘ఇంట్లో ఖర్చులూ వ్యవహారాలూ ఎవరు చూస్తారు?’ అనండి. పక్క ఊళ్ళో ఓ పది ఇళ్ళలో ముందుగా అడిగి చూస్తే ఇలాంటివి బయటపడతాయి. నలభై నిమిషాలు దాటితే ప్రశ్నలు తగ్గించండి.

అన్నిటికన్నా చిక్కు కౌలు. ‘మీకు ఎంత పొలం ఉంది?’ అంటే ఒకాయన కౌలుకు చేస్తున్న రెండెకరాలూ చెబుతాడు, ఇంకొకాయన తను ఏనాడూ దిగని అయిదెకరాలూ చెబుతాడు. సొంతం ఎంత, అందులో మీరే చేసేది ఎంత, ఇతరుల దగ్గర తీసుకున్నది ఎంత అని మూడుగా విడగొట్టాలి. సార్వాకీ (ఖరీఫ్ వరి) దాళ్వాకీ వేరువేరుగా. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకు, దాని మీద భూయజమాని సంతకం ఉండాలి. ఆ ఒప్పందం ఉన్నవాళ్ళకి ఇచ్చేదే కౌలు కార్డు. నోటిమాట మీద చేస్తున్న రైతు ‘కౌలు కార్డు ఉందా?’ అనగానే బిగుసుకుపోతాడు, పొలం ఆసామి అరుగు మీద ఉంటే మరీను. అందుకని పంట వైపు నుంచి రండి: పోయిన సార్వాలో ఎన్ని ఎకరాలు నాట్లు వేశారు? ఎన్ని బస్తాలయ్యాయి? అందులో బయటికి కొలిచింది ఎన్ని? ఆఖరి జవాబే కౌలు. ఇక్కడ ధాన్యం బస్తా 75 కిలోలని లెక్క, అయినా ఎన్ని కిలోల బస్తానో అడిగి పక్కన రాయండి.

సర్వే ఎందుకో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. పత్రం మీద నంబరే ఉండాలి, పేర్లు వేరే పుస్తకంలో. గల్ఫ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళను ఇరుగుపొరుగు ముందు వీసా, జీతం సంగతులు అడగొద్దు.

ఆ రోజు పత్రాలు ఆ రాత్రే సరిచూడండి. కౌలు లేకపోతే 0 వేయాలి, ఖాళీ వదిలితే అడగలేదో, చెప్పలేదో తర్వాత తెలియదు. ‘చెప్పలేదు’కి 99 అలవాటుగా వాడతారు. ఎకరాకి 33 బస్తాల చొప్పున మూడెకరాల దిగుబడి సరిగ్గా 99, రెండూ కలిసిపోతాయి. 9999 వేయండి.