ట్రాక్ సైక్లింగ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఎలా చూడాలంటే

హనుమకొండ చౌరస్తా దగ్గర నాది సైకిల్ రిపేర్ షాపు. గాలి కొట్టించుకోవడానికి వచ్చే పిల్లలకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు సైకిల్ చూడండి. బ్రేకులుండవు, గేర్లు మార్చడం ఉండదు. ఫ్రీవీల్ కూడా లేదు కాబట్టి చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. వేగం తగ్గించాలన్నా కాళ్లతోనే ఆపాలి.

ట్రాక్ చుట్టు 250 మీటర్లు. మలుపుల్లో గోడలా 40 డిగ్రీలకు పైగా లేచి ఉంటుంది.

కొత్తవాళ్లు స్ప్రింట్‌తో మొదలుపెట్టండి. ఇద్దరే ఉంటారు, మూడు చుట్లు. మొదట్లో నడకలా పోతున్నారని టీవీ కట్టేయకండి! వెనకున్నవాడికి గాలి తక్కువ తగులుతుంది, అలసట తక్కువ. అందుకే ముందు పోవడానికి ఇద్దరూ వెనకాడతారు. ముందున్నవాడు మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉంటాడు. నాకైతే ఆ టెన్షనే ప్రాణం. వెనకవాడు ఎత్తు మీది నుంచి ఒక్కసారిగా కిందికి దూకే క్షణం మాత్రం మిస్ కావద్దు.

తర్వాత కీరిన్. ముందు ఒక మోటారు బండి పోతూ వేగం పెంచుతుంది, మూడు చుట్లు మిగిలుండగా తప్పుకుంటుంది. మిగతాదంతా తోసుకుంటూ పోవడమే. 2018లో జూనియర్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో మన ఈసో ఆల్బెన్ ఇందులోనే రజతం గెలిచాడు. ఆ రోజు షాపులో అందరికీ చాయ్ తాగించాను.