ఊపిరి గొట్టం పాఠాలు – 4: కఫ్‌లో గాలి నిలవకపోతే

పోయిన పాఠంలో ట్యూబు లోతు నేర్చుకున్నాం: పళ్ల దగ్గర ఆడవాళ్లకు సుమారు 21, మగవాళ్లకు 23 సెంటీమీటర్ల గుర్తు. ఆ అంకెలతో ఈరోజు పనుంది. కఫ్ అంటే శ్వాసనాళంలో ఉండే ట్యూబు చివర, పక్కల నుంచి గాలి కారకుండా ఉబ్బే బుడగ.

ఆపరేషన్ నడుస్తుంటే పేషెంటు నోట్లోంచి గురగుర చప్పుడు మొదలైంది. వెంటిలేటర్ 450 మి.లీ. పంపితే 300 మాత్రమే తిరిగొస్తోంది. మెషీన్ మీద లేచి దిగే గాలితిత్తి, అంటే బెలోస్, పైదాకా లేవడం లేదు. వెంటనే డాక్టరుతో "సార్, లీకుంది" అని గట్టిగా అనండి. వరంగల్, హనుమకొండ థియేటర్లలో కొత్తగా డ్యూటీకి వెళ్లే మన పిల్లలు పెద్దవాళ్ల ముందు నోరు విప్పడానికి జంకుతారు. ఇక్కడ మాత్రం జంకొద్దు.

చెయ్యి సిరంజి మీదికే పోతుంది. ఇంకో 5 మి.లీ. గాలి కొడితే చప్పుడు ఆగుతుంది కానీ జబ్బు లోపలే ఉంటుంది. సిరంజి ముట్టకముందే పైలట్ బెలూన్‌ను, అంటే సన్నగొట్టంతో కఫ్‌కు కలిసి బయట వేలాడే చిన్న బుడగను, రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి.

గట్టిగా ఉంటే కఫ్ చాలావరకు బాగున్నట్టే. ట్యూబు పైకి జారి, కఫ్ స్వరతంత్రుల మధ్యకు వచ్చి ఉండొచ్చు. పళ్ల దగ్గర గుర్తు చదివి చెప్పండి. ఇప్పుడు గాలి కొడితే కఫ్ ఇంకా పైకి ఉబుకుతుంది, ట్యూబే ఊడిరావచ్చు. రైల్స్ ట్యూబు (కడుపులోకి వేసే గొట్టం) దారి తప్పి శ్వాసనాళంలోకి పోయిందేమో అదీ చూడాలి.

మెత్తగా ఉంటే గాలి నింపి సిరంజి తీయండి. తీయగానే దిగిపోతే బెలూన్ మూతికున్న వాల్వు పోయినట్టు. దాని మూతికి త్రీవే (మూడు దారుల చిన్న కుళాయి) బిగించి, గాలి నింపి, మూసేస్తే నిలుస్తుంది. బెలూన్‌కు పోయే సన్నగొట్టమే తెగితే, సూది తీసేసిన 22 గేజ్ నీలం కాన్యులాను అందులోకి దూర్చి, దానికి త్రీవే పెట్టాలి. గాలి ఎంత నింపినా కఫ్ ఒత్తిడి 20–30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్యే ఉండాలి, 30 దాటొద్దు. దాటితే శ్వాసనాళం పొరకు రక్తం అందదు. చేతి అంచనా నమ్మకండి, ఒత్తిడి కొలిచే మానోమీటరు పెట్టండి.

త్రీవే పెట్టినా దిగిపోతుంటే కఫ్ చినిగింది. పన్ను గుచ్చుకున్నా, మాగిల్ ఫోర్సెప్స్ (గొంతులో ట్యూబును పట్టే పట్టకారు) తగిలినా చినుగుతుంది. ట్యూబు మార్చాల్సిందే. బూజీ (ట్యూబుకు దారిచూపే సన్నని కడ్డీ), లారింగోస్కోపు (గొంతు చూసే పరికరం), సక్షన్, అదే సైజు ట్యూబు, అర సైజు చిన్నది ఇంకొకటి అందించండి. అందాకా డాక్టరు లీకు తగ్గేందుకు గొంతులో గాజ్ గుడ్డ ప్యాక్ పెట్టించవచ్చు. పెట్టిన క్షణమే బోర్డు మీద రాయండి, సిస్టర్‌కు లెక్క చెప్పండి. మరిచిపోయిన ప్యాక్, ట్యూబు తీశాక ఊపిరికి అడ్డం పడి ప్రాణం తీస్తుంది.

ఇంటిపని: పారేసే కొత్త ట్యూబు, అంటే గడువు దాటినది, ఒకటి అడిగి తెచ్చుకోండి. సన్నగొట్టం కోసి, కాన్యులా, త్రీవేతో కఫ్ నింపి, గిన్నెడు నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వచ్చే పాఠంలో మడతపడిన ట్యూబు.