బుష్‌క్రాఫ్ట్ నేర్చుకోవాలంటే హైదరాబాద్ చుట్టూ ఎక్కడ గుడారం వేయాలి

చలి మొదలైతే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతారు: "మంచి స్పాట్ ఉంటే లొకేషన్ పంపు." వాళ్ల లెక్కలో మంచి స్పాట్ అంటే ఎదురుగా చెరువు, వెనకాల గుట్ట, పొద్దున్నే పొగమంచు. ఊరికే ఒక రాత్రి గడిపి రావడానికైతే అది చాలు. అగ్గిపెట్టె లేకుండా నిప్పు పుట్టించడం, టార్పాలిన్‌తో గూడు కట్టడం, కత్తితో గరిటె చెక్కడం, తాడుకి సరైన ముడి వేయడం లాంటి బుష్‌క్రాఫ్ట్ పనులు నేర్చుకోవాలనుకుంటే మాత్రం చూడాల్సినవి వేరు. ఎండుకట్టె దొరకాలి, నిప్పుకి పనికొచ్చే నేల ఉండాలి, వీటన్నిటికంటే ముందు "సరే, ఉండండి" అన్న మనిషి ఒకరు ఉండాలి.

ఆ మనిషి కోసం అడవిలోకి పోవద్దు. అనంతగిరి, నర్సాపూర్, రాచకొండ వైపు మనకు కనిపించే పచ్చటి గుట్టల్లో చాలా భాగం రిజర్వ్ ఫారెస్ట్. అందులో అనుమతి లేకుండా నిప్పు రాజేసినా కొమ్మ కొట్టినా 1967 నాటి అటవీ చట్టం కింద నేరమే. మంజీర, పోచారం అభయారణ్యాలు, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లాంటివైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, అక్కడ లోపల అడుగు పెట్టడానికే పర్మిషన్ కావాలి. ఎవరూ చూడరులే అనుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు, నాకు అది అస్సలు నచ్చదు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు మొత్తం రాలి మోకాలి లోతు గలగలలాడుతున్న అడవిలో ఒక్క నిప్పురవ్వ పడితే ఎంత దూరం కాలుతుందో దగ్గర నుంచి చూసినవాళ్లు ఆ పని చేయరు. డబ్బు కట్టి టెంట్‌లో పడుకునే రిసార్టులు సురక్షితమే, కానీ అక్కడ కట్టె పేర్చేదీ వెలిగించేదీ పనివాళ్లు, మన చేతికి పని ఉండదు.

నేను చెప్పేది ఒకటే. అడవి కాదు, అడవి అంచున ఉన్న పట్టా చెలక వెతకండి. ఒకవైపు తుప్పలు, గట్టు మీద నాలుగు వేపచెట్లో చింతచెట్లో, నీళ్లకి బోరు, కేకేస్తే వినపడే దూరంలో ఒక ఇల్లు. అవుటర్ రింగ్ రోడ్డు దాటి వికారాబాద్, పరిగి, యాచారం, మెదక్ రోడ్డు ఎటు వెళ్లినా గంట, రెండు గంటల ప్రయాణంలో ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. మొదటిసారి గుడారం, సామాన్లు ఏమీ తీసుకెళ్లకుండా ఉత్త చేతులతో వెళ్లండి. ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర కూర్చుని మాట కలిపితే ఎవరి పొలం ఎక్కడుందో అరగంటలో తెలుస్తుంది. పొలం ఆసామితో మాట్లాడేటప్పుడు ఎంతమంది వస్తున్నారు, ఎన్ని రాత్రులు, నిప్పు ఎక్కడ పెడతారు, ఏ కట్టె వాడతారు అన్నీ ముందే చెప్పేయండి. మేం మందు తాగం అని కూడా చెప్పండి, ఎందుకంటే నగరం నుంచి వచ్చే కుర్రాళ్ల గురించి వాళ్లకుండే మొదటి భయం అదే. ఆయన డబ్బు వద్దన్నా ఒకరోజు కూలికి తక్కువ కాకుండా చేతిలో పెట్టి రండి.

ఇంకొక ప్రశ్న తప్పకుండా అడగాలి: అడవిపందుల కోసం చుట్టుపక్కల ఎవరైనా కరెంటు తీగ పెడుతున్నారా? అలా పెట్టడం నేరమే అయినా కొన్ని చోట్ల పెడతారు, వాటికి తగిలి మనుషులు చచ్చిపోయారు. ఆసామికి తన పొలం గురించే కాక పక్క పొలం సంగతి కూడా తెలిసి ఉంటుంది. ఆయన నసిగితే ఆ చోటు వదిలేయండి. తీగలేం లేవన్నా చీకటి పడ్డాక పొలాలకు అడ్డంపడి నడవొద్దు, బండ్లబాట మీదే నడవండి.

ఇక కట్టె. బుష్‌క్రాఫ్ట్‌లో సగం పని కట్టెతోనే, కాబట్టి చోటు చూసేటప్పుడు నేను తల పైకెత్తి చెట్లను, తల దించి కింద రాలిన పుల్లలను చూస్తాను. మన దగ్గర నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది సర్కారు తుమ్మ. చెరువు శిఖాల్లో, బీడు భూముల్లో గుబురుగా పెరిగి రైతుని విసిగించే చెట్టు అది, నాలుగు కొమ్మలు కొట్టుకుంటామంటే ఇంకో పది కొట్టుకోమంటారు. పచ్చిది కత్తి పని నేర్చుకోవడానికి, ఎండినది వంటకి. నిప్పులు గట్టిగా నిలుస్తాయి. ముల్లు మాత్రం మామూలు చెప్పులోంచి పాదంలోకి దిగుతుంది, మందం అడుగున్న బూట్లు వేసుకోండి. నల్లతుమ్మ కూడా మంచి వంటచెరకు. తునికి కట్టె చిటపటలాడుతూ రవ్వలు ఎగరేస్తుంది, దాన్ని గుడారం దగ్గర కాల్చొద్దు. గన్నేరు పుల్లని ఏ పనికీ ముట్టుకోవద్దు, దాన్ని చెక్కి కూరగాయలు గుచ్చి కాల్చుకుంటే విషమే. జిల్లేడు కాడ ఎండితే లోపలి నార తాడు పేనడానికి చాలా బాగుంటుంది, పచ్చిదాని పాలు కంట్లో పడితే మాత్రం కంటికే ప్రమాదం. ఆకులు కావాలంటే మోదుగ ఉన్న చోటు చూడండి, విస్తరి కుట్టడం కూడా ఒక విద్యే, పల్లెల్లో పెద్దవాళ్లని అడిగితే పది నిమిషాల్లో నేర్పిస్తారు. వేరే చెట్లేవీ నరకొద్దు, సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అడిగే సందర్భాలు చాలానే ఉన్నాయి, మీవల్ల ఆసామికి తలనొప్పి రాకూడదు.

వికారాబాద్, తాండూరు వైపు వెళ్లేవాళ్లకు ఇంకొక అదృష్టం కందికట్టె. కంది కోసి కొట్టుకున్నాక మిగిలే ఆ కట్టె చిటికెన వేలంత లావుంటుంది, ఫెటఫెటమని విరుగుతుంది, చిన్న మంటకే అంటుకుంటుంది. నిప్పు రాజేయడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి పుల్ల లేదు. చెకుముకి రాయితోనో ఫెర్రో రాడ్‌తోనో (గీస్తే రవ్వలు రాల్చే లోహపు కడ్డీ) వచ్చే రవ్వని పట్టుకోవడానికి బూరుగ దూది, ఈతచెట్టు మట్టల మొదట్లో ఉండే పీచు వాడొచ్చు. విల్లుతో కట్టె తిప్పి నిప్పు చేయడం మనకు పరాయి విద్యేం కాదు, యజ్ఞాల్లో అరణి మథించి అగ్ని పుట్టించేది ఆ రాపిడితోనే. ఆ సాధన చేయాలనుకుంటే ఎండిన, తేలికైన, గోరుతో నొక్కితే గీత పడే కట్టె దొరికే చోటు చూసుకోండి. తాటిచెట్టుకో ఈతచెట్టుకో కల్లు లొట్టి కట్టి ఉంటే అది గీసే ఆయన జీవనాధారం, పీచు కోసమైనా దాన్ని ముట్టుకోవద్దు. తాటిచెట్ల కింద గుడారం కూడా వద్దు, ఎండుమట్ట ఎప్పుడు ఊడి పడుతుందో తెలియదు.

నేల గురించి నాకు బుద్ధి వచ్చిన సంగతి చెప్తాను. కొన్నేళ్ల కిందట అక్టోబరులో మేం ముగ్గురం ఒక వాగు పక్కన మెత్తటి ఇసుక చూసి మురిసిపోయి గుడారం పరుస్తున్నాం. వాగులో నీళ్లు అరచేయి మునిగేంత కూడా లేవు. గొర్రెలు తోలుకుని పోతున్న ఒక తాత ఆగి, ఏమీ అనకుండా వావిలి పొద దగ్గరికి నడిచి ఒక కొమ్మ పట్టుకుని చూపించాడు. దానికి నీలం పాలిథీన్ కవరు ముక్క, గడ్డి పోచలు, ఒక మొక్కజొన్న బెండు చుట్టుకుని, ఎండిన బురదతో అతుక్కుని ఉన్నాయి. నా ఛాతీ ఎత్తులో. "ఈ కవరు ఇంత మీదికి ఎట్లొచ్చింది బిడ్డా? నడుచుకుంట రాలే కదా" అన్నాడు. మేం గట్టెక్కి గుడారం మార్చుకున్నాం. ఆ రాత్రి మా మీద చినుకు కూడా పడలేదు, ఎగువన ఎక్కడో పడింది, తెల్లారి చూస్తే మేం మొదట పరిచిన చోట మోకాలి లోతు ఎర్రనీళ్లు పారుతున్నాయి. 1908 సెప్టెంబరులో నగరాన్ని ముంచిన మూసీ పుట్టేది కూడా ఈ అనంతగిరి కొండల్లోనే, ఎగువ వాన ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి వాగు పక్కన ఎక్కడ ఆగినా ముందు పొదల్లో చెత్త ఏ ఎత్తులో చిక్కుకుందో చూస్తాను, దానికంటే రెండు నిలువులు పైకి వెళ్లాకే సంచి దించుతాను. చెరువు దగ్గర కూడా అంతే, కట్ట కింద తూము ముందు, మత్తడి దూకే దారిలో పడుకోవద్దు. ఈతకి దిగొద్దు కూడా, పూడిక తీసిన చెరువుల్లో గుంతలు పైకి కనపడవు.

ఎర్ర నేల, దుబ్బ నేల గుడారానికి మంచివి, మేకు దిగుతుంది, నీరు ఇంకుతుంది. నల్లరేగడి వద్దు. ఎండితే బీటలు వారి వాటిలో పురుగూ పుట్రా ఉంటాయి, తడిస్తే బూటు పైకి రాదు, కారు అసలే రాదు. నిప్పు కోసం రెండడుగుల వెడల్పు చోటు గీకి, ఆకు, వేరు ఏమీ లేకుండా ఉత్త మట్టి కనపడేదాకా శుభ్రం చేసి, మూడు రాళ్లు పెట్టుకోండి. ఆ రాళ్లు పొడి నేల మీదివై ఉండాలి, వాగులో నానిన రాయి వేడికి పేలుతుంది. మన చుట్టూ ఉన్న పెద్ద పెద్ద గుండ్లకి ఆనించి మంట పెట్టడం నాకు బాధ కలిగించే పని, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైట్ వేడికి పెచ్చులుగా ఊడుతుంది, మసి ఏళ్ల తరబడి పోదు. పైగా ఆ గుండ్ల చూరు కింద పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటాయి. పొగ తగిలితే ఆ ఈగలు లేస్తాయి, లేస్తే పరుగెత్తడం తప్ప వేరే దారి లేదు. గుండ్ల మధ్య గుహలా ఉన్న చోట ఎలుగుబంటి కూడా ఉండొచ్చు. అందుకే గుండు అందంగా కనిపించినా చుట్టూ తిరిగి, పైకి చూసి, దూరంగా దిగండి.

నీళ్లు మనిషికి రోజుకి తాగడానికే 4 లీటర్లు, వంటకి, నిప్పు ఆర్పడానికి ఇంకా ఎక్కువ లెక్కేసుకోండి. వాగు నీళ్లు గుడ్డలో వడకట్టి, చిల్లగింజ అరగదీసి తేర్చి, తర్వాత కాచడం మంచి సాధన, బుడగలు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉడికితే క్రిములు చస్తాయి. కానీ కాచినంత మాత్రాన అన్నీ పోవు. పత్తి చేలల్లోంచి వచ్చే నీళ్లలో పురుగుమందు కాస్తే పోదు, నల్గొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పోదు, మరిగే కొద్దీ చిక్కబడుతుంది. నగరం దాటాక తూర్పుకి పోయే మూసీ నీళ్లు చేతులు కడగడానికి కూడా వద్దు. తాగే నీళ్లు ఊరి నల్లా దగ్గర నింపుకుని, వాగు నీళ్లతో సాధన మాత్రం చేసుకోండి.

పాముల విషయంలో టెన్షన్ పడక్కర్లేదు, జాగ్రత్త పడితే చాలు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, కాటు నొప్పి తెలియకపోవచ్చు. కాబట్టి ఆకాశం చూస్తూ దుప్పటి పరుచుకుని పడుకోవాలన్న కోరిక పక్కన పెట్టి, అడుగు కుట్టి జిప్ ఉన్న గుడారంలో పడుకోండి, లేదా రెండు చింతల మధ్య ఊయల కట్టుకోండి, కట్టేముందు పైన ఎండుకొమ్మ లేదని చూసుకోండి. పాత పుట్టలు, రాళ్ల కుప్పలు, గడ్డివాము పక్కన చోటు వద్దు. ఎవరినైనా కరిస్తే గాయం కోయొద్దు, తాడు బిగించొద్దు, కరిచిన చేయి గానీ కాలు గానీ కదపకుండా 108కి ఫోన్ చేయండి. అందుకే చోటు చూసే రోజే రెండు పనులు చేయండి: గుడారం వేయబోయే చోట నిలబడి ఫోన్‌కి సిగ్నల్ ఉందో చూడండి, దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి పాము కాటు మందు ఉందో అడగండి.

కాలం సంగతి చిన్న మాటే. అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచిది. డిసెంబరు, జనవరిలో వికారాబాద్ వైపు రాత్రి 10 డిగ్రీల కిందికి కూడా పోతుంది, చల్లగాలి పల్లంలోకి దిగుతుంది కాబట్టి గుట్ట మొదట్లో కాకుండా వాలు మీద కాస్త పైన పడుకుంటే తేడా తెలుస్తుంది. ఏప్రిల్, మేలో గాలిదుమారాలు, పిడుగులు, నేనైతే ఆ నెలల్లో ఇంటి డాబా మీద తాడు ముడులు, కత్తి పని సాధన చేసుకుంటాను.

చోటు ఖాయం చేసే ముందు ఆఖరి పని. సాయంత్రం నాలుగింటికి అక్కడికి వెళ్లి, ఏమీ చేయకుండా చీకటి పడేదాకా కూర్చోండి. గాలి ఎటు తిరుగుతుందో, పశువులు ఏ దారిన ఇంటికి పోతాయో, దోమలు ఎంతున్నాయో, పక్క పొలంలో ఎవరు టార్చి వేసుకుని తిరుగుతున్నారో అన్నీ ఆ రెండు మూడు గంటల్లో తెలిసిపోతాయి. పొయ్యి ఎటువైపు ఉండాలో, గుడారం మూతి ఎటు తిప్పాలో అప్పుడే నేల మీద పుల్లతో గీసుకోండి. వచ్చేటప్పుడు ఆసామి ఇంటి ముందు ఆగి ఏ రోజు వస్తున్నారో చెప్పి, ఆయన ఫోన్ నంబరు ఒక కాగితం మీద కూడా రాసుకుని మీ ఇంట్లో ఇచ్చి వెళ్లండి.