3డి ప్రింటరు టచ్ స్క్రీన్ మొరాయిస్తే: కొత్తది కొనే ముందు చేయవలసిన పరీక్షలు

ఇంట్లో సరదాకు వాడుకునే 3డి ప్రింటరు తెర పనిచేయడం మానేస్తే, చాలామంది ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో కొత్త తెరకు ఆర్డరు పెట్టేస్తారు. వారం తరువాత వచ్చిన కొత్త తెర కూడా పాతదానిలాగే మొరాయిస్తే అప్పుడు తల పట్టుకుంటారు. నిజానికి ఆ తెర పెట్టెలో నాలుగు పనులు వేరువేరుగా జరుగుతుంటాయి: కరెంటు అందడం, బొమ్మ కనిపించడం, వేలి స్పర్శ తెలియడం, ప్రింటరు మెయిన్ బోర్డుతో సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం. వీటిలో ఏది ఆగిందో తేల్చుకుంటే రిపేరు సగం అయినట్టే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో నా చేతికి వచ్చిన ప్రింటర్లలో ఎక్కువ వాటికి జబ్బు తెరలో లేదు, తెరకు వెళ్ళే వైర్ల కొసలలో ఉంది. భోగాపురం, కళింగపట్నం, బారువ వంటి తీరపు ఊళ్ళ నుంచి వచ్చినవాటిలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా సొంత ప్రాసెసరు ఉండి, సీరియల్ వైర్ల (సమాచారాన్ని వరుసగా పంపే సన్నని వైర్లు) ద్వారా మెయిన్ బోర్డుతో మాట్లాడే తెరల గురించి. బిగ్‌ట్రీటెక్ వారి టీఎఫ్‌టీ35, ఎంకేఎస్ టీఎఫ్‌టీ, క్రియాలిటీ యంత్రాలలో చాలాచోట్ల వచ్చే డ్విన్ తెరలు ఈ కోవలోవే. కావలసిన పనిముట్లు తక్కువే: ఒక మల్టీమీటరు, చిన్న స్క్రూడ్రైవర్లు, అలెన్ కీలు, మెత్తని బ్రష్షు, ఒక 8 జీబీ మెమరీ కార్డు, సెల్ రిపేరు షాపులలో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో నీరు, ఇతర పదార్థాలు కలిసి ఉండవచ్చు కనుక దానిని వాడకపోవడమే మంచిది.

విప్పే ముందు ప్రింటరు ప్లగ్గును గోడ సాకెట్టు నుంచి పూర్తిగా తీసివేయాలి. స్విచ్ ఆపితే చాలదు. పవర్ సప్లై డబ్బాలో 230 వోల్టుల భాగం ఉంటుంది, కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది. ఈ పనికి ఆ డబ్బాను తెరవవలసిన అవసరమే లేదు. కింద చెప్పిన వోల్టేజి కొలతలు మాత్రం యంత్రం ఆన్‌లో ఉండగా తీయవలసినవి. అప్పుడు మీటరు పుల్లలు పక్క పిన్నుకు జారకుండా చేయి నిలకడగా ఉంచాలి.

మొదటి పరీక్ష కరెంటుది

తెర వెనుక కనెక్టరు దగ్గర 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య డీసీ వోల్టేజి కొలవాలి. అదే కొలతను మెయిన్ బోర్డు చివర కూడా తీసుకోవాలి. బోర్డు దగ్గర 5.0 ఉండి తెర దగ్గరకు వచ్చేసరికి 4.5 మాత్రమే ఉంటే, మధ్యలో వైరో, దాని కొసన నొక్కిన లోహపు క్రింపో ఆ అర వోల్టును మింగేస్తోందని అర్థం. ఈ చిన్న తేడా ఎందుకు ముఖ్యమంటే, తెర బోర్డు మీద 5 వోల్టులను 3.3 వోల్టులకు తగ్గించే రెగ్యులేటరు ఒకటి ఉంటుంది; చాలావాటిలో అది ఏఎంఎస్1117. తాను ఇవ్వవలసిన వోల్టేజి కంటే లోపలికి వచ్చేది సుమారు 1.1 నుంచి 1.3 వోల్టులు ఎక్కువగా ఉంటేనే అది నిలకడగా పనిచేస్తుంది. అంతకన్నా తగ్గితే తెర వెలుగుతూనే ఉంటుంది గాని, ప్రింటు మధ్యలో తానే రీస్టార్టు అవుతుంది, లేదా టచ్ ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయదు. ఆ రెగ్యులేటరుకు ఒక వైపు మూడు సన్నని కాళ్ళు, ఎదురు వైపు వెడల్పాటి లోహపు రెక్క ఉంటాయి. ఆ రెక్క మీద ఒక పుల్ల, గ్రౌండు మీద మరో పుల్ల పెడితే 3.3 రావాలి. లోపలికి 5 వస్తూ బయటకు ఏమీ రాకపోతే వేలితో తాకి చూడాలి: కాలిపోతుంటే ఆ తరువాతి భాగంలో ఎక్కడో షార్టు ఉంది, చల్లగా ఉంటే రెగ్యులేటరే పోయింది. రెండవదైతే సెల్ రిపేరు చేసేవారు దానిని నిమిషాలలో మార్చేస్తారు.

మెయిన్ బోర్డు దగ్గరే వోల్టేజి తక్కువగా ఉంటే, ఆ 5 వోల్టుల లైను మీద అదనంగా ఏమేమి వేలాడదీశారో చూడాలి. ఎల్ఈడీ పట్టీ, కెమెరా, రాస్ప్‌బెర్రీ పై లాంటివి అదే లైను నుంచి తీసుకుంటే బోర్డు మీది చిన్న కన్వర్టరు తట్టుకోలేదు.

తెరను పక్కన పెట్టి బోర్డును పలకరించడం

తెర వైర్లు పీకేసి, ప్రింటరును యూఎస్‌బీ కేబులుతో కంప్యూటరుకు కలిపి, ప్రాంటర్‌ఫేస్ వంటి ప్రోగ్రాము నుంచి ఎం115 అనే ఆదేశం పంపాలి. ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే లోపలి ప్రోగ్రాము) పేరు, వెర్షను తిరిగి వస్తే మెయిన్ బోర్డు క్షేమం. ఎం105 పంపితే వేడి అంకెలు కూడా వస్తాయి. సమాచారం పంపే స్పీడు (బాడ్ రేటు) 115200 దగ్గర జవాబు రాకపోతే 250000 పెట్టి చూడాలి. ఏ స్పీడుకు జవాబు వచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి, తరువాత అది పనికి వస్తుంది. తెర బాగయ్యేదాకా ప్రింట్లు కూడా ఇలాగే కంప్యూటరు నుంచి నడుపుకోవచ్చు. అర్జంటు పని ఉన్నవారికి ఇది పెద్ద ఊరట.

కనెక్టర్లు

ఉప్పు గాలి తగిలే చోట కనెక్టరు పిన్నుల మీద పచ్చని పొడి లాంటి చిలుము పడుతుంది, లేదా మెరుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. రోజూ నడిచే యంత్రం కంటే మూల పడి ఉన్న యంత్రమే దీనికి ముందు బలి అవుతుంది, ఎందుకంటే నడిచే యంత్రంలో పుట్టే వేడి తేమను నిలవనివ్వదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి తెలిసినవారికి, తడి గదిలో ఊరకే కూర్చున్న ఎలక్ట్రానిక్ సామాను ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

తెరను మెయిన్ బోర్డుకు కలిపే అయిదు వైర్ల కేబులులో 5 వోల్టులు, గ్రౌండు, పంపే లైను, అందుకునే లైను, రీసెట్టు ఉంటాయి. వాటిని పీకి, ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్షుతో పిన్నులను రుద్ది, ఆరనిచ్చి, నాలుగైదు సార్లు పెట్టి తీస్తే చాలావరకు చిలుము పోతుంది. సొంతంగా తయారుచేసిన కేబులు అయితే బోర్డు పంపే లైను తెర అందుకునే లైనుకే వెళుతోందా అని మల్టీమీటరు కంటిన్యుటీ బీపుతో (వైరు తెగకుండా కలిసి ఉంటే మోగే శబ్దంతో) సరిచూడాలి. పలచని రిబ్బను కేబులు ఉన్నచోట దానిని నేరుగా లాగకూడదు. కనెక్టరుకు నల్లదో గోధుమ రంగుదో ఒక సన్నని గొళ్ళెం ఉంటుంది. కొన్నింటిలో అది తలుపులా పైకి లేస్తుంది, కొన్నింటిలో ముందుకు జారుతుంది. గోటితో రెండు చివరలా సమానంగా కదిపితేనే రిబ్బను దానంతట అదే వదులవుతుంది. ఒక చివరనే బలం పెడితే గొళ్ళెం చెవి విరుగుతుంది, ఆ తరువాత ఎంత మంచి తెర తెచ్చినా దానిని పట్టి ఉంచేది ఉండదు. తిరిగి పెట్టేటప్పుడు రిబ్బను అంచు కనెక్టరు గీతకు సమాంతరంగా ఉందో లేదో భూతద్దంతోనైనా చూడాలి. ఒక వెంట్రుక వాసి వంకర పోయినా పక్క పిన్నుకు తగులుతుంది.

బొమ్మ వస్తుంది, ప్రింటరు దొరకదంటుంది

తెర మీద బొమ్మలన్నీ బాగానే ఉండి, ప్రింటరు జతపడలేదనే సందేశం నిలిచిపోతే, వైర్లు సరిగ్గా ఉన్నాయనుకున్నాక అనుమానించవలసింది స్పీడునే. ఇందాక కాగితం మీద రాసుకున్న అంకె ఒక ఆధారం. తెర మెనూలో కనెక్షన్ సెట్టింగుల కింద అదే అంకె పెట్టి చూడాలి. తెర లైనుకు విడిగా వేరే స్పీడు ఇచ్చిన ఫర్మ్‌వేర్‌లూ ఉంటాయి కాబట్టి 115200, 250000లలో రెండవదాన్ని కూడా ప్రయత్నించాలి. ఇటీవల మెయిన్ బోర్డు మార్లిన్ ఫర్మ్‌వేర్‌ను మార్చి ఉంటే, తెర తగిలించిన సీరియల్ పోర్టు అందులో తెరిచి ఉందో లేదో చూడాలి. ఎస్‌టీఎం32 చిప్పు ఉన్న బోర్డులలో పోర్టు నంబరు మైనస్ 1 అంటే యూఎస్‌బీ; తెరకు మరో పోర్టు నంబరు ఇవ్వాలి, అది బోర్డును బట్టి మారుతుంది.

టీఎఫ్‌టీ35 వాడేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఆ తెరకు టచ్ మోడ్, పాత 12864 (128×64 చుక్కల) తెరను అనుకరించే మార్లిన్ మోడ్ అని రెండు ఉన్నాయి. తెర పక్కన ఉండే తిప్పే గుండీని కాసేపు నొక్కి పట్టుకుంటే ఒకదాని నుంచి మరొకదానికి మారే మెనూ వస్తుంది. పిల్లలెవరో గుండీతో ఆడుకుని మార్లిన్ మోడ్‌లో వదిలేస్తే టచ్ పోయినట్టే కనిపిస్తుంది. మార్లిన్ మోడ్‌కు కావలసిన ఎక్స్‌పీ కేబుళ్ళు పెట్టి లేకపోతే తెర ఖాళీగా కూడా ఉంటుంది. విప్పకముందే ఇది చూసుకోవడం మేలు.

వేలు ఒకచోట, స్పందన ఒకచోట

ఒక బటను నొక్కితే పక్క బటను పలికితే అది క్యాలిబ్రేషన్ (స్పర్శ చోటును బొమ్మ చోటుతో సరిపోల్చే లెక్క) తప్పడమే. బిగ్‌ట్రీటెక్ తెరలకు మెమరీ కార్డులో, ఏ ఫోల్డరులోనూ కాక పైనే, రీసెట్ డాట్ టీఎక్స్‌టీ (reset.txt) అనే ఖాళీ ఫైలు పెట్టి తెరను ఆన్ చేస్తే క్యాలిబ్రేషన్ గుర్తులు మళ్ళీ వస్తాయి. ఆ గుర్తులను వేలితో కాక, మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ మొనతో నడిమధ్యన నొక్కాలి. ఇక్కడ చూపిన నిర్లక్ష్యం తరువాత ప్రతి బటను దగ్గరా బయటపడుతుంది.

క్యాలిబ్రేషన్ చేసినా ఒక ప్రాంతం మాత్రం పలకకపోతే పైపొరను పరీక్షించాలి, ఈ మొత్తం పనిలో మల్టీమీటరు నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. నొక్కితే వంగే మెత్తని ప్లాస్టిక్ పైపొర ఉన్న తెర రెసిస్టివ్ రకం. అందులో విద్యుత్తును పోనిచ్చే పారదర్శకమైన పూత వేసిన రెండు పొరలు ఎదురెదురుగా ఉంటాయి, వాటిని కంటికి ఆనని చుక్కలు విడిగా నిలుపుతాయి. వేలు నొక్కినచోట రెండూ తాకుతాయి. ఆ పొర నుంచి నాలుగు గీతల రిబ్బను ఒకటి బయటకు వస్తుంది. దానిని కనెక్టరు నుంచి తీసి, నాలుగు గీతలను రెండేసి చొప్పున ఓమ్‌లలో కొలవాలి. ఆరు జతలు వస్తాయి. వాటిలో రెండు జతల మధ్య కొన్ని వందల ఓమ్‌లు చూపాలి: ఒకటి అడ్డం పొర, మరొకటి నిలువు పొర. మిగిలిన నాలుగు జతల మధ్య, ఎవరూ తాకనంతసేపు, ఏమీ చూపకూడదు.

ఒక పొర జత ఏమీ చూపకపోతే రిబ్బను మెడ దగ్గర గీత చిట్లింది. దానికి ఇంట్లో చేయగలిగినది లేదు. తాకకుండానే అడ్డం నిలువు గీతల మధ్య ఓమ్‌లు కనిపిస్తే రెండు పొరలు ఎక్కడో అతుక్కున్నాయి, అంటే లోపల తేమ చేరిందో, బయటి ఫ్రేము అంచు నొక్కుతోందో తేల్చాలి. ముందు ఫ్రేము స్క్రూలు వదులు చేసి మళ్ళీ కొలవాలి. చాలాసార్లు రీడింగు అక్కడికక్కడే మాయమవుతుంది. ఇంకొక పరీక్ష ఉంది: అడ్డం గీత ఒకటి, నిలువు గీత ఒకటి పట్టుకుని, మొద్దు మొనతో తెర మీద ఒక కొస నుంచి మరో కొసకు మెల్లగా గీయాలి. అంకె సాఫీగా పెరగాలి లేదా తగ్గాలి. ఒకేచోట ఎగిరిపడితే అక్కడ పూత అరిగిపోయింది. ప్రింటు మొదలుపెట్టే బటను ఉండే మూలే సాధారణంగా ముందు అరుగుతుంది, గోటితో నొక్కే అలవాటు ఉన్నచోట మరీ త్వరగా.

పొర బాగుండి టచ్ మాత్రం లేకపోతే మిగిలినది టచ్ కంట్రోలరు చిప్పు. చాలా తెరలలో అది 16 కాళ్ళ ఎక్స్‌పీటీ2046. రిబ్బను తిరిగి పెట్టి, తెర ఆన్‌లో ఉండగా చిప్పు 11వ కాలు మీద వోల్టేజి కొలవాలి, తాకనప్పుడు 3.3 దగ్గర ఉండి, వేలు నొక్కగానే కిందికి పడాలి. పడకపోతే చిప్పు అయినా పోయి ఉండాలి, దాని కాళ్ళ టంకమైనా వదిలి ఉండాలి. కాళ్ళు అతి దగ్గరగా ఉంటాయి కనుక మామూలు టంకం కడ్డీతో ఇంట్లో ప్రయత్నించమని నేను చెప్పను. హాట్ ఎయిర్ ఉన్న సెల్ రిపేరు షాపు విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ దొరుకుతుంది. ఫోను బోర్డులు చేసే చేతికి ఇది చిన్న పని.

గాజు పైపొర ఉండి తేలికగా తాకితేనే పలికే తెర కెపాసిటివ్ రకం. దానికి ఈ ఓమ్‌ల పరీక్ష పనికిరాదు. ఎవరూ తాకకుండా అది తానే బటన్లు నొక్కుకుంటుంటే ముందు ఇంటి ఎర్తింగు చూడాలి. ఎర్తు లేని సాకెట్టులో ప్రింటరు ఫ్రేమును చేతి వెనుక భాగంతో తాకితే సన్నగా జివ్వుమంటుంది. పవర్ సప్లైలోని ఫిల్టరు కెపాసిటర్ల గుండా వచ్చే ఆ కొద్దిపాటి లీకేజీయే టచ్ లెక్కను తప్పిస్తుంది. పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్టు ఉన్నా దాని ఎర్తు రంధ్రానికి వైరే కలపని సందర్భాలు కొల్లలు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించడం తెర కోసమే కాదు, మనుషుల కోసం కూడా అవసరం.

తెల్లగా వెలిగి ఊరుకుంటే

వెలుగు ఉండి బొమ్మ లేకపోతే రిబ్బను సరిచూశాక ఫర్మ్‌వేర్ మళ్ళీ ఎక్కించాలి. కార్డును ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, ఫర్మ్‌వేర్ ఫైళ్ళను అందులో వేసి, తెరలో పెట్టి ఆన్ చేయాలి. బిగ్‌ట్రీటెక్‌కు బిన్ ఫైలు, కాన్ఫిగ్ ఫైలు, బొమ్మల ఫోల్డరు మూడూ ఒకే విడుదలలోవి అయి ఉండాలి. ఎక్కిన ఫైళ్ళ పేర్ల చివర సీయూఆర్ (.CUR) అని చేరుతుంది, అదే రుజువు. డ్విన్ తెరలకు కార్డు పెట్టే చోటు తెర బోర్డు మీదే, కవరు లోపల ఉంటుంది. వాటికి ఫార్మాట్ చేసేటప్పుడు అలొకేషన్ సైజు 4096 బైట్లు ఎంచుకోవాలి, డ్విన్ సెట్ (DWIN_SET) ఫోల్డరు తప్ప కార్డులో మరేదీ ఉంచకూడదు. పెద్ద కార్డులతో అవి పేచీ పెడతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా తెర పలకకపోతే అప్పుడు కొత్తది కొనాలి. మోడలు పేరు ఒక్కటే చూసి కొనకుండా, పాత బోర్డు వెనుక ముద్రించిన వెర్షను నంబరుతో పోల్చుకోవాలి. పైపొర మాత్రమే విడిగా దొరికినా, అది తెరకు గట్టి జిగురుతో అంటుకుని ఉంటే ఊడదీయడంలో కింది తెర పగిలే ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు మొత్తం మార్చడమే చౌక.

తిరిగి బిగించేటప్పుడు ఫ్రేము స్క్రూలను నాలుగు మూలలా కొద్దికొద్దిగా, వేళ్ళ బలంతోనే బిగించాలి. ముందు రెండు స్క్రూలతో నిలిపి, బెడ్డును 60 డిగ్రీలకు పెట్టి, చిన్న వస్తువు ఒకటి ప్రింటుకు పెట్టి, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టి, నాలుగు మూలల బటన్లూ నొక్కి చూడాలి. తెర రీస్టార్టు కాకుండా, ప్రతి నొక్కుకూ సరిగ్గా స్పందిస్తే మిగిలిన రెండు స్క్రూలు కూడా పెట్టవచ్చు.