ఐఈఎల్‌టీఎస్ ఎస్సే: తెలుగు విద్యార్థులు తప్పు చేసే చోట్లు, సరిచేసుకునే పద్ధతి

విదేశాల్లో చదువు, ఉద్యోగాల కోసం రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్. అందులో రైటింగ్ పరీక్షకు గంట సమయం ఇస్తారు. ఆ గంటలో రెండు టాస్కులు. మొదటిదానికి కనీసం 150 పదాలు రాయాలి. రెండోది ఎస్సే, దానికి కనీసం 250. మొదటి టాస్క్ కంటే ఎస్సేకి రెట్టింపు విలువ ఉంటుంది కాబట్టి గంటలో 40 నిమిషాలు దానికే ఉంచుకోవాలి. ఎస్సేని నాలుగు కోణాల్లో చూసి, నాలుగింటికీ సమానంగా బ్యాండ్ (స్కోరు) వేస్తారు: అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచన ఒక వరుసలో సాగిందా, మాటలు సరిగ్గా వాడారా, వ్యాకరణం ఎలా ఉంది.

చాలామంది కష్టమంతా మూడోదాని మీదే పెడతారు. కష్టమైన ఇంగ్లిష్ మాటల జాబితాలు బట్టీ పట్టి వాటిని ఎక్కడో ఒకచోట ఇరికిస్తారు. మంచి బ్యాండ్ రాకపోవడానికి మాటల కొరత కంటే పెద్ద కారణాలు రెండున్నాయి. ఒకటి ప్రశ్నను సగమే చదవడం, రెండోది తెలుగులో తట్టిన వాక్యాన్ని అదే అమరికతో ఇంగ్లిష్‌లోకి దించడం.

1. ప్రశ్నను ముక్కలు చేయండి (2 నిమిషాలు)

తరచూ కనిపించే తరహా ప్రశ్న ఒకటి తీసుకుందాం: ప్రభుత్వాలు రోడ్ల మీద కంటే రైల్వేల మీద ఎక్కువ ఖర్చు పెట్టాలి. దీనితో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?

ఇందులో మూడు ముక్కలున్నాయి. ఖర్చు పెట్టేది ప్రభుత్వం. పోలిక రోడ్లకూ రైల్వేలకూ మధ్య. అడిగింది మీ అభిప్రాయం, అదీ ఎంతవరకు అని. ఎక్కువమంది రైళ్ల వల్ల లాభాలేమిటో రెండు పేరాలు రాసి ముగిస్తారు. రోడ్ల ఊసే ఉండదు, ఖర్చు మాటే రాదు. ఇంగ్లిష్ ఎంత బాగున్నా అలాంటి ఎస్సేకి మొదటి కోణంలో బ్యాండ్ పడిపోతుంది.

చివరి వాక్యంలో ఏమన్నారో దాని కింద గీత పెట్టుకోండి. ‘డిస్కస్ బోత్ వ్యూస్’ అంటే రెండు పక్షాలకూ చోటివ్వాలి. ‘అండ్ గివ్ యువర్ ఓన్ ఒపీనియన్’ అని కూడా ఉంటే మీరు ఏ పక్షమో చెప్పి తీరాలి. విడివిడిగా రెండు ప్రశ్నలుంటే రెండింటికీ జవాబు ఉండాలి. మొదటిదానికి మూడు పేరాలు, రెండోదానికి ఒక్క వాక్యం అంటే కుదరదు.

2. రాసే ముందు ప్లాన్ (4 నిమిషాలు)

ముందు మీ అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. దాని కింద రెండు కారణాలు, ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ. అంతకుమించి వద్దు. నాలుగైదు కారణాలు తట్టినా రెండే ఉంచండి. 250 పదాల్లో ఐదు కారణాలు పెడితే ఏదీ వివరించలేక అన్నీ వట్టి పేర్లుగా మిగులుతాయి.

పరిమాణం ఇలా పెట్టుకోవచ్చు: పరిచయానికి 45 పదాలు, లోపలి పేరాలు రెండూ చెరి 95, ముగింపుకు 35. మొత్తం 270. కనీసానికి కొంచెం పైన ఉంటారు, చివర్లో సరిచూసుకోవడానికి సమయమూ మిగులుతుంది. కంప్యూటర్ మీద రాసేవాళ్లకు పదాల లెక్క తెర మీదే కనిపిస్తుంది, కానీ స్పెల్లింగ్ తప్పుల కింద ఎర్రగీత రాదు. చేత్తో రాసేవాళ్లు తమ రాతలో ఒక వరుసకు ఎన్ని మాటలు పడతాయో ఇంట్లోనే చూసుకుని, పరీక్షలో వరుసలు లెక్కపెడితే చాలు.

3. పరిచయం: రెండు వాక్యాలు, బట్టీ వద్దు

‘ఇన్ దిస్ మోడర్న్ ఎరా’, ‘ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్’, ‘ఇట్ ఈజ్ ఎ హాట్లీ డిబేటెడ్ టాపిక్’. ఇవి ఏ ప్రశ్నకైనా అతుకుతాయి, అందుకే దేనికీ పనికిరావు. కంఠతా పట్టిన భాగాలను ఎగ్జామినర్లు ఇట్టే గుర్తుపడతారు. పైగా ఆ నలభై మాటల సొంపైన ఇంగ్లిష్ అయిపోగానే మీ సొంత ఇంగ్లిష్ మొదలవుతుంది, ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మొదటి వాక్యంలో ప్రశ్నను మీ మాటల్లో చెప్పండి. రెండో వాక్యంలో మీ అభిప్రాయం. ‘ఐ లార్జ్‌లీ అగ్రీ, బికాజ్ ట్రైన్స్ క్యారీ మోర్ పీపుల్ అట్ ఎ లోయర్ కాస్ట్’ అన్నంత సూటిగా ఉన్నా చాలు. ‘అకార్డింగ్ టు మీ’ అని మాత్రం రాయకండి. ఆ ప్రయోగం ఇతరులు చెప్పినదానికే. మీ మాటకు ‘ఇన్ మై ఒపీనియన్’ ఉంది.

4. పేరాకు ఒకే విషయం

మొదటి వాక్యంలో విషయం చెప్పాలి. తర్వాత అది ఎందుకు నిజమో రెండు వాక్యాలు. ఆ పైన ఉదాహరణ, చివర్లో దాన్ని ప్రశ్నతో కలిపే వాక్యం. ఎక్కువగా దెబ్బతినేది ఉదాహరణ దగ్గరే. ఏదో విదేశీ యూనివర్సిటీ సర్వేలో 80 శాతం మంది ఇలా అన్నారని కల్పించి రాయడం కోచింగ్ వల్ల అంటుకున్న అలవాటు. తెలిసిన నిజం ఒకటి రాస్తే అంతకంటే బలంగా ఉంటుంది. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా సిగ్నళ్ల దగ్గర ఆగకుండా వెళ్లొచ్చు. అదే దూరం రోడ్డు మీద సాయంత్రం పూట ఎలా ఉంటుందో రాస్తే రోడ్లకూ రైళ్లకూ పోలిక దానంతటదే వచ్చేస్తుంది.

ప్రతి వాక్యం ముందూ ‘మోర్‌ఓవర్’, ‘ఫర్దర్‌మోర్’, ‘ఇన్ అడిషన్’ తగిలించకండి. పేరాకు ఒకటి రెండు చాలు. ‘ఆన్ ది కాంట్రరీ’ని ‘మరోవైపు’ అనే అర్థంలో వాడేస్తుంటారు. అది ముందు చెప్పినమాట తప్పు అని ఖండించేటప్పుడు వాడేది. మరోవైపు చెప్పాలంటే ‘ఆన్ ది అదర్ హ్యాండ్’.

5. వాక్యం దగ్గర తెలుగు ఎక్కడ అడ్డొస్తుంది?

ముందు వాక్యం పొడవు. తెలుగులో క్రియలను ‘వచ్చి’, ‘చేరి’, ‘చదువుకుంటూ’ అని కలుపుకుంటూ పోవచ్చు. ‘ఊళ్ల నుంచి హైదరాబాద్ వచ్చి, హాస్టల్లో చేరి, సాయంత్రాలు పని చేస్తూ చదువుకునే పిల్లలకు మెట్రో పాస్ చౌకైతే మేలు’ అనే వాక్యంలో తెలుగు ప్రకారం తప్పేమీ లేదు. దీన్నే ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యంగా రాయబోతే కామాల మధ్య క్రియలు తప్పిపోతాయి. మూడుగా విడగొట్టండి: ‘మెనీ స్టూడెంట్స్ మూవ్ టు హైదరాబాద్ ఫ్రమ్ విలేజెస్. దే స్టే ఇన్ హాస్టల్స్ అండ్ వర్క్ ఇన్ ది ఈవెనింగ్స్. ఎ చీపర్ మెట్రో పాస్ వుడ్ హెల్ప్ దెమ్.’ రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతికించడం కూడా తప్పే. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా ‘అండ్’, ‘బట్’, ‘సో’లలో తగినది రావాలి.

తర్వాత ఆర్టికల్స్. తెలుగులో ఇవి లేవు కాబట్టి రాసేటప్పుడు లోటే తెలియదు. మొత్తం నియమాలు నేర్చుకోవడం కంటే ఒక్క పరీక్ష పెట్టుకోండి: లెక్కపెట్టగలిగే వస్తువు ఏకవచనంలో ఉంటే దాని ముందు ‘ఎ’, ‘యాన్’, ‘ది’, ‘మై’, ‘దిస్’ లాంటిది ఏదో ఒకటి ఉండాలి. ‘సిటీ నీడ్స్ న్యూ రైల్వే లైన్’లో రెండుచోట్ల లోటుంది. ‘ఎ సిటీ నీడ్స్ ఎ న్యూ రైల్వే లైన్’ అనాలి. ‘బై బస్’, ‘అట్ హోమ్’ లాంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు. ఇక ‘ది సొసైటీ’, ‘ది నేచర్’ అని అక్కర్లేనిచోట తగిలించడం దీనికి ఎదురు తప్పు.

‘ఎ’కూ ‘యాన్’కూ తేడా శబ్దాన్ని బట్టి ఉంటుంది. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. ఇది తెలుగువాళ్లకు తేలిక కావాలి, ఎందుకంటే గంట అనే అర్థంలో వచ్చే ‘అవర్’లో అ, ‘యూనివర్సిటీ’లో య మన చెవికి స్పష్టంగా తెలుస్తాయి. చిక్కల్లా మన ఉచ్చారణ ఇంగ్లిష్‌తో సరిపోనిచోట వస్తుంది. ‘యాక్టర్’, ‘యాక్సిడెంట్’, ‘యాపిల్’ అని మనం య పెట్టి పలుకుతాం, కానీ ఇంగ్లిష్‌లో అవి అచ్చుతో మొదలవుతాయి కనుక ‘యాన్’ వస్తుంది. ‘ఇయర్’, ‘ఎల్లో’, ‘ఉమన్’ మన నోట అచ్చుతో మొదలవుతాయి, ఇంగ్లిష్‌లో మాత్రం వాటికి ముందు హల్లు ఉంది. ఏడాది అనే అర్థంలో ‘ఎ ఇయర్’ అనే రాయాలి, ‘యాన్’ పెట్టకూడదు. మన విద్యార్థుల ఎస్సేల్లో తరచూ దొరికే తప్పు ఇది.

బహువచనం విషయంలో మనకు బాగా అలవాటైన మాటలే ముంచుతాయి. సలహాలు, వార్తలు, సామాన్లు, డబ్బులు, పనులు అంటాం కదా, ఆ ఊపులో ‘అడ్వైసెస్’, ‘లగేజెస్’, ‘మెనీ వర్క్స్’ వచ్చేస్తాయి. ‘అడ్వైస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఎక్విప్‌మెంట్’, ‘ఫర్నిచర్’, ‘లగేజ్’, ‘రీసెర్చ్’, ‘ట్రాఫిక్’లకు చివర ఎస్ చేర్చకూడదు. ‘న్యూస్’ చివర ఎస్ ఉన్నా దాని పక్కన ‘ఈజ్’ వస్తుంది. ‘వన్ ఆఫ్ ది’ తర్వాత మాత్రం బహువచనమే: ‘వన్ ఆఫ్ ది రీజన్స్’. ఆ వాక్యంలో క్రియ ఏకవచనం.

కాలాల్లో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ‘ఐదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’ అనేది ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అయిపోతుంది. ‘ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ సరైనది. ఎంతకాలంగా అంటే ‘ఫర్’, ఎప్పటినుంచి అంటే ‘సిన్స్’: ‘సిన్స్ 2019’. రెండోది, తెలుగులో ‘చూశాను’ అనే ఒక్క రూపంతో సరిపోయేచోట ఇంగ్లిష్ రెండు రూపాలు అడుగుతుంది. నిన్న, పోయిన ఏడాది, 2017లో అని సమయం చెప్పారంటే ‘హావ్’ రాకూడదు. ‘ది మెట్రో హ్యాజ్ ఓపెన్డ్ ఇన్ 2017’ తప్పు, ‘ది మెట్రో ఓపెన్డ్ ఇన్ 2017’ ఒప్పు. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ సంగతి అందరికీ తెలిసిందే, అయినా ఎస్సేలో ‘సిటీస్ ఆర్ హావింగ్ మెనీ ప్రాబ్లమ్స్’ అని మారువేషంలో వస్తుంది. ‘సిటీస్ హావ్’ చాలు.

‘ఎందుకంటే... కాబట్టి’ అని తెలుగులో జంటగా అంటాం. ఇంగ్లిష్‌లో ‘బికాజ్’ ఉంటే ‘సో’ రాదు. ‘ఆల్‌దో’ ఉంటే ‘బట్’ రాదు. ‘ఎవరైతే కష్టపడతారో వాళ్లు’ అనే అమరిక ‘హూ వర్క్స్ హార్డ్, దే సక్సీడ్’గా మారుతుంది. ‘పీపుల్ హూ వర్క్ హార్డ్ సక్సీడ్’ అని రాయాలి, మధ్యలో కామా కూడా ఉండదు. ‘హైదరాబాద్‌లోనే’ అనే ఒత్తు కోసం చివర ‘ఓన్లీ’ తగిలించడం ఇంట్లో మాటల్లో సరే, ఎస్సేలో తీసేయండి.

కొన్ని మాటలకు విభక్తి లాంటిదేదో తగిలించాలనిపిస్తుంది, అక్కర్లేదు: ‘డిస్కస్ అబౌట్’ కాదు ‘డిస్కస్’, ‘ఎంఫసైజ్ ఆన్’ కాదు ‘ఎంఫసైజ్’, ‘కోప్ అప్ విత్’ కాదు ‘కోప్ విత్’, ‘రిటర్న్ బ్యాక్’ కాదు ‘రిటర్న్’. లక్షలు, కోట్లు మన దగ్గర ఎవరికైనా తెలుస్తాయి. ఎగ్జామినర్ ఏ దేశంలోనైనా ఉండొచ్చు కాబట్టి లక్షను ‘వన్ హండ్రెడ్ థౌజండ్’ అనీ, కోటిని ‘టెన్ మిలియన్’ అనీ రాయడం మేలు.

6. చివరి ఐదు నిమిషాలు: చదవడం కాదు, వెతకడం

రాసింది మొదటి నుంచి చదువుకుంటూ పోతే తప్పులు కనిపించవు. మీరు రాయాలనుకున్నదే కంటికి కనిపిస్తుంది. చివరి వాక్యం నుంచి వెనక్కి, ఒక్కో వాక్యాన్నీ విడిగా చూడండి. మొదటిసారి క్రియలే చూడండి: కర్త ఎవరు, క్రియ దానికి సరిపోయిందా? కర్తకూ క్రియకూ మధ్య మాటలు ఎక్కువైనచోటే తప్పు దాక్కుంటుంది. ‘ది నంబర్ ఆఫ్ కార్స్ ఆన్ అవర్ రోడ్స్’ తర్వాత ‘ఆర్’ అనిపిస్తుంది, కానీ కర్త ‘నంబర్’ కాబట్టి ‘ఈజ్’. రెండోసారి ఏకవచన నామవాచకాలు, ఆర్టికల్స్. మూడోసారి క్యాపిటల్ అక్షరాలు. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకపోవడంతో ఇండియా, ఇంగ్లిష్, సోమవారం లాంటివాటిని చిన్న అక్షరంతో మొదలుపెట్టేస్తుంటారు. స్పెల్లింగ్ బ్రిటిష్‌దైనా అమెరికన్‌దైనా ఫర్వాలేదు, మొదటి నుంచి చివరి వరకు ఒకటే ఉండాలి.

ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు, దిద్దించుకున్న ఐదు ఎస్సేలు పక్కపక్కన పెట్టుకుని తప్పులను రకాలవారీగా లెక్కపెట్టండి. ఎక్కువసార్లు వచ్చిన మూడు రకాలే పరీక్షలో మీరు వెతకాల్సినవి. పైన చెప్పిన క్రమం అందరికీ ఒకటే కానక్కర్లేదు, ఆర్టికల్స్ బాగా వచ్చినవాళ్లు ఆ సమయాన్ని కాలాలకు ఇవ్వొచ్చు. గ్రామర్ యాప్ వాడితే ముందు అది లేకుండా 40 నిమిషాలు రాసి, తర్వాతే అందులో పెట్టండి. అది సూచించిన ప్రతి మార్పునూ నొక్కేయకుండా ఎందుకు మార్చిందో మార్జిన్‌లో రాసుకోండి. దిద్దిన ఎస్సేని పక్కన పడేసి కొత్త ప్రశ్న మొదలుపెట్టడం కంటే, రెండు రోజులాగి అదే ప్రశ్నకు దిద్దిన కాగితం చూడకుండా మళ్లీ రాయండి. రెండోసారి కూడా వచ్చిన తప్పు ఏదైతే ఉందో, దానికి సంబంధించిన పదేసి వాక్యాలు ఆ వారమంతా విడిగా రాయాలి.