వాగు ఒడ్డున లంటానాను మళ్లీ చిగురించకుండా తొలగించడం ఎలా?

అరకు, అనంతగిరి కొండల్లో గోస్తని వెంట, దానిలో కలిసే వాగుల వెంట లంటానా అల్లుకున్న చోట వావిలి, కలివి, పరికి పొదల మొదళ్లను వంగి పరిశీలించండి. ముదురు పొద పూస్తూనే ఉంటుంది గానీ దాని కింద పిల్లమొక్క ఒక్కటీ కనిపించదు. 1809 ప్రాంతంలో అలంకారం కోసం కలకత్తాకు తెచ్చిన అమెరికా ఖండాల మొక్క లంటానా నేలకు వెలుతురు అందనివ్వదు కాబట్టి, ముదురు పొద చచ్చిన నాడు ఆ చోటు కూడా లంటానాదే అవుతుంది.

పొడవాటి పిడి ఉన్న గుద్దలి, కొడవలి, మందపాటి చేతి తొడుగులు చాలు, గొడ్డలి తీసుకెళ్లకూడదు. తొలకరికి నేల మెత్తబడ్డాక, కాయలు నల్లబడకముందే మొదలుపెట్టి, వాగు ఎగువ నుంచి దిగువకు రావాలి. ముందుగా కొడవలితో చుట్టూ కొమ్మలు తప్పించి మొదలు కనిపించేలా చేసుకోవాలి.

అసలు పని ఇక్కడే ఉంది, ఎక్కువమంది చెడగొట్టేదీ ఇక్కడే. కాండం వేరుతో కలిసే చోట లావుగా ఉండే భాగంలోనే మొగ్గలు దాగి ఉంటాయి. నేలమట్టానికి నరికితే ఆ భాగం మట్టిలోనే మిగిలిపోయి, ఒక్క కాండం ఉన్న చోట గుంపుగా చిగుళ్లు లేస్తాయి. తగలబెట్టినా ఇదే జరుగుతుంది, పైగా వావిలి, కలివి మొలకలు మాడిపోతాయి. కలుపుమందు చల్లితే అది వానకు కొట్టుకుపోయి వాగు నీటిలో చేరుతుంది. యంత్రంతో పెకలిస్తే ఒడ్డంతా గుల్లబారి, మట్టిలో నిద్రపోతున్న లంటానా విత్తనాలన్నీ ఒక్కసారిగా మొలుస్తాయి.

కాబట్టి ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సి.ఆర్. బాబు బృందం కార్బెట్ అడవుల్లో చేసి చూపిన పద్ధతినే పాటించాలి. మొదలు చుట్టూ మట్టిని కొద్దిగా తప్పించి, ఆ లావు భాగానికి దిగువన, నేలమట్టం నుంచి 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతులో తల్లివేరును గుద్దలితో ఏటవాలుగా తెగగొట్టాలి. తెగిన మొక్కను పైకెత్తి, మొదలు దగ్గర పచ్చని మొగ్గ ఉన్న ముక్క ఏదీ నేలలో మిగలలేదని వేళ్లతో తడిమి చూసుకోవాలి. తర్వాత వేరు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా నిలపాలి; పక్కకు పడేస్తే తడి మట్టి తగిలి మళ్లీ వేళ్లూనుతుంది. పశువులు తింటే ప్రమాదం కాబట్టి ఆకులు మేత దగ్గర పడకూడదు.

నిట్టనిలువు ఒడ్డును లంటానా ఒక్కటే పట్టి ఉంచితే ఒకేసారి ఖాళీ చేయకూడదు. పట్టీలుగా తీస్తూ, ఖాళీ అయిన చోట వెంటనే వావిలి కొమ్మలు నాటాలి. పిగిలిపిట్టలు కాయలు తిని కొమ్మల మీద వాలినప్పుడు విత్తనాలు రాల్చుతాయి కనుక, వరుసగా కొన్నేళ్లపాటు వానల తర్వాత చెట్ల కిందే ముందుగా వెతికి మొలకలను చేత్తో పీకాలి. వావిలి, గడ్డి నిలదొక్కుకునే వరకు తర్వాతి పట్టీ జోలికి పోకూడదు.