చెరువు మట్టి ఎత్తే ముందు: ట్రాక్టర్ లోడర్ జాగ్రత్తలు

ఎండాకాలం చెరువులు ఎండగానే నర్సంపేట, పరకాల వైపు ఊళ్లలో పూడిక మట్టిని పొలాలకు తోలతారు. ట్రాక్టర్‌కు ముందు లోడర్ (మట్టి ఎత్తిపోసే బకెట్) బిగిస్తే పని తొందరగా అవుతుంది, కానీ బండి తీరే మారిపోతుంది. అందుకే సెల్ఫ్ కొట్టే ముందు ఇవి చూసుకోండి.

వెనక బరువు ఉందా? బకెట్ నిండితే వెనక చక్రాలు తేలతాయి. రోటవేటరో, బరువు పెట్టెనో తగిలించండి.

బకెట్ ఎత్తు, అసలు సంగతి ఇదే. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీదే ఊగుతుంది. అందుకే బండి పక్కకు ఒరుగుతుంటే ముందు చక్రాలు వెంటనే ఆపలేవు. బకెట్ పైన ఉన్నప్పుడు ఒక్క వెనక చక్రం గుంతలో దిగినా చాలు, బోల్తానే. నడిపేటప్పుడు నేలకు అడుగు ఎత్తులోనే ఉంచండి. ట్రాలీ పక్కకు చేరాకే, సమానమైన నేల మీద లేపండి. లేపి మలుపు తిప్పడం మాత్రం వద్దే వద్దు.

తడి మట్టైతే బకెట్ నిండా ఎత్తకండి, చాలా బరువు.

కట్ట మీదికి అడ్డంగా ఎక్కించొద్దు. నిండు బకెట్ ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి, దిగేటప్పుడు రివర్స్‌లో రండి.

బ్రేక్ పెడళ్లు రెండింటినీ కలిపే గొళ్లెం వేశారా? దమ్ము చేసేటప్పుడు దాన్ని విప్పి, తర్వాత వేయడం చాలామంది మరచిపోతారు.

పైన కరెంటు తీగలు చూడండి. మడ్‌గార్డు మీద పిల్లగాళ్లను ఎక్కించుకోకండి, ఎంత ఏడ్చినా సరే.

ఒరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే బకెట్ కిందికి దించండి. రక్షణ చట్రం (బోల్తా పడినా డ్రైవర్ నలగకుండా కాపాడే ఇనుప చట్రం) ఉన్న బండైతే ముందే బెల్టు పెట్టుకోండి, దూకకండి.